ఏమి చదివినావు, నాయనా?

గడచిన వర్షాకాలములో ఒకనాటి సాయంకాలము నా పూర్వవిద్యార్థి ఒకడు బేతంచెర్లలోని మా ఇంటికి వచ్చినాడు. వెంట వాని తండ్రి కూడ ఉన్నాడు. తండ్రి ఇక్కడి నాపరాళ్ల ఫ్యాక్టరీలలో ముప్పది ఏండ్లుగా పనిచేస్తున్న మనిషి. కొడుకు భూగర్భశాస్త్రము ప్రధానముగా చదివి పట్టము పుచ్చుకొన్నాడు. పై చదువునకు ఇటలీ దేశము పోవలెనని వాని కోరిక. అక్కడ ఇంగ్లీషులో బోధించే తరగతులు ఉన్నవి. కాని అంగడిలోను, బస్సులోను, అద్దె ఇంటి యజమానితోను మాట్లాడుటకు ఆ దేశపు భాష రావలె గదా! అందువలన నాలుగు నెలలుగా రాత్రివేళ సెల్‌ఫోనులో పాఠములు విని ఇటాలియను నేర్చుకొంటున్నాడు.

"ఎంతదాకా వచ్చినది నీ ఇటాలియను?" అని అడిగినాను.

"విశ్వవిద్యాలయములో మనము చదివిన చదువును గురించి చెప్పుట అనే పాఠము నడుస్తున్నది సార్" అన్నాడు.

చెప్పి వినిపించుమన్నాను. వాడు లేచి నిలబడి, పది వాక్యములు తడబడకుండ అప్పగించినాడు. 'మి సోనొ లౌరెయాతొ ఇన్ జెఓలొజీయా' అన్నది అందులో మొదటి వాక్యము. నేను భూగర్భశాస్త్రములో పట్టభద్రుడను అయినాను అని దాని అర్థమట. ఏమి చదివినాడో, ఎన్ని ఏండ్లు చదివినాడో, ఏ పరీక్ష కష్టమనిపించినదో, ఏ విషయము ఇష్టమో వరుసగా చెప్పినాడు. నాకు ఆ భాష రాదు. అయినను ప్రతి పదమును అచ్చుతో ముగుస్తుంటే చెవికి ఇంపుగా ఉన్నది.

అరుగుమీద కూర్చున్న తండ్రి అంతవరకు మాటాడలేదు. అప్పుడు మెల్లగా, "ఏమనుకోవద్దు సార్. అదే సంగతి మన మాటల్లో సెప్పమనండి. నాగ్గూడా తెలుస్తాది" అన్నాడు. కొడుకు వైపు తిరిగి, "ఏమి సదివినావు నాయినా?" అని అడిగినాడు.

కొడుకు మొదలుపెట్టినాడు. "నేను డిగ్రీలో జియాలజీ మేజర్ తీసుకున్నా నాయినా. సెమిస్టర్లన్నీ ఫస్ట్ అటెంప్ట్‌లో క్లియర్ చేసినా. లాస్ట్ సెమిస్టర్లో సెడిమెంటరీ రాక్స్ మీద ప్రాజెక్టు సబ్మిట్ చేసినా" అని ఆగిపోయినాడు. తరువాత ఏమి చెప్పవలెనో వానికి తోచలేదు. విభక్తులు, క్రియాపదముల చివరలు తప్ప అందులో తెలుగు లేదు. తండ్రి ఒక క్షణము చూచి, "మంచిదే నాయినా" అని తల ఊపి, వాకిలివైపు చూపు తిప్పుకొన్నాడు.

ఆ 'మంచిదే' అన్న మాట నన్ను చాలదినములు వెంటాడినది. ఏలననగా కొడుకు చదివినది మరేదో కాదు. 'సెడిమెంటరీ రాక్స్' అని వాడు చెప్పినది తండ్రి తన జీవితమంతయు కోసిన రాయియే. ఏ వైపు ఉలి పెడితే పొర చీలునో, ఏ బండ పాలిష్‌కు నిలుచునో, ఏది మధ్యలో పగులునో ఆ తండ్రి చేతికి తెలుసు. ఆ రాయి ఎట్లు పుట్టినదో కొడుకు తలకు తెలుసు. ఒకే ఇంటిలో, ఒకే రాతిని గురించి, ఇద్దరికి ఇంత తెలిసి ఉండి, ఒకరితో ఒకరు చెప్పుకొనుటకు మాట లేకపోయినది. పదివేల మైళ్ల దూరములో ఉన్నట్టు ఒకే అరుగుమీద కూర్చున్నారు.

తెలుగును ప్రాచ్యదేశపు ఇటాలియను అని పొగడుట మనకు అలవాటు. పాఠ్యపుస్తకములలో చదివినాము, సభలలో చెప్పినాము, పిల్లలచేత వ్యాసములు వ్రాయించినాము. రెండును అజంత భాషలు కావుననే ఈ పోలిక. కాని భాషకు తీపి ఒక్కటే గుణమా? ఇటాలియను వారు తమ భాషతో ఏ పనులు చేయించుకొంటున్నారో, మనము మన భాషతో ఏ పనులు చేయించుకొనుట లేదో ఎన్నడైన పోల్చి చూచినామా?

ఇటలీలో విశ్వవిద్యాలయ విద్యను పూర్తి చేయుటకు 'లౌరెయా' అని పేరు. లారెల్ అనే చెట్టు ఆకుల దండనుండి వచ్చిన మాట అది. నేటికిని అక్కడ పట్టము పొందిన దినమున పిల్లల తలమీద ఆ ఆకుల దండ పెట్టి ఊరేగుతారు. ఒక్కొక్క పరీక్షకు 30 మార్కులు, చివరి పట్టమునకు 110. పూర్తి మార్కులు వచ్చి మరికొంత మెప్పు కూడ పొందినవానికి 'లోదె' అని చేర్చుతారు, అనగా ప్రశంస. అక్కడి పరీక్షలలో చాల భాగము నోటితో చెప్పవలసినవే. అధ్యాపకునికి ఎదురుగా కూర్చుండి, చదివినదానిని తన మాటలలో చెప్పి ఒప్పించవలె. ఇట్లు మూడు నాలుగు సంవత్సరములు చెప్పి చెప్పి అలవాటుపడిన విద్యార్థికి, ఇంటికి పోయి తన అవ్వతో అదే సంగతి చెప్పుట కష్టము కాదు. పరీక్షలో చెప్పిన భాషయు, వంటింటిలో మాట్లాడే భాషయు ఒకటే కనుక.

మన వద్ద కూడ ఇంతకంటె తక్కువ అందమైన మాటలు లేవు. చదువు ముగించి స్నానము చేసినవాడు స్నాతకుడు. ఆ ఉత్సవము స్నాతకోత్సవము. వారిది ఆకుల దండ అయితే మనది నీటి స్నానము. నీరు దొరకని ఈ సీమలో ఆ మాటకు ఇంకను విలువ ఉండవలసినది. కాని స్నాతకోత్సవము ఆహ్వానపత్రములోను, దినపత్రిక శీర్షికలోను మిగిలినది. ఆ దినమున నల్లని అంగీ తొడిగిన పిల్లలను అడిగితే 'కాన్వొకేషన్' అంటారు.

ఇటాలియను వారికి ఈ వసతి ఆకాశమునుండి ఊడిపడినది కాదు. బొలోన్యా విశ్వవిద్యాలయము 1088లో పుట్టినదని చెప్పుకొంటారు. ఆ తరువాత ఏడు వందల ఏండ్లవరకు ఇటలీ విద్యాలయములలో లాటిన్‌దే రాజ్యము. పద్నాలుగవ శతాబ్ది ఆరంభములో డాంటే మహాకవి జనుల నోటి భాషను సమర్థిస్తూ గ్రంథము వ్రాసినప్పుడు, పండితులు చదువుటకై దానిని లాటిన్‌లోనే వ్రాయవలసి వచ్చినది. గెలీలియో 1610లో దుర్భిణితో తాను చూచిన ఆకాశమును లోకమునకు లాటిన్‌లోనే తెలిపినాడు. రెండేండ్ల తరువాత సూర్యబింబము మీది మచ్చలను గురించి వ్రాసినప్పుడు మాత్రము ఇటాలియనును పట్టినాడు. ఎందుకు ఇట్లు చేసినావని అడిగేవారికి సమాధానముగా ఒక స్నేహితునికి 1612లో లేఖ వ్రాసినాడు. విశ్వవిద్యాలయమునకు పోలేక, ఇంటి బాధ్యతలలో చిక్కుకొని, లాటిన్ రాక ఉండిపోయిన తెలివిగలవారు ఎందరో ఉన్నారనియు, ప్రకృతి వారికి చూచుటకు కన్నులిచ్చినట్లే గ్రహించుటకు బుద్ధిని కూడ ఇచ్చినదని వారు తెలిసికొనవలెననియు ఆ లేఖ సారాంశము. 1632లో వెలువడిన ఆయన ప్రసిద్ధ సంభాషణ గ్రంథము కూడ ఇటాలియనులోనే ఉన్నది. అయినను విశ్వవిద్యాలయపు గోడలు అంత త్వరగా కరగలేదు. నేపుల్స్ నగరములో 1754లో అర్థశాస్త్రపీఠమును అధిష్ఠించిన ఆంటోనియో జెనొవేసి లాటిన్‌ను విడిచి ఇటాలియనులో ఉపన్యసించుట ఆనాడు పెద్ద సాహసము. డాంటేకును జెనొవేసికిని నడుమ నాలుగున్నర శతాబ్దములు గడచినవని మనము మరువరాదు.

మనవారు ప్రయత్నము చేయలేదని నేను అనుట లేదు. కొమర్రాజు లక్ష్మణరావుగారు 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పి చరిత్రను, శాస్త్రములను తెలుగు చదువరుల చేతికి అందించినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో పుట్టినప్పుడు బోధన ఉర్దూలో సాగినది. అనువాదముల కొరకు ప్రత్యేక శాఖయే ఏర్పడినది. అది అక్కడి అధిక సంఖ్యాకుల భాష కాదన్నమాట నిజమే. అయినను ఒక భారతీయ భాషలో పై చదువులు చెప్పవచ్చునని మూడు దశాబ్దములు రుజువు చేసి చూపినది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి ఇంటర్మీడియటుకు, డిగ్రీకి తెలుగులో పుస్తకములు ప్రచురించినది. ఆ పుస్తకములు చేతబట్టుకొని చదివి పైకి వచ్చిన పల్లెటూరి పిల్లలు ఈ సీమలో వేలమంది ఉన్నారు. ఆ పిమ్మట గాలి మారినది. 2021-22 విద్యాసంవత్సరము నుండి డిగ్రీ తరగతులన్నియు ఇంగ్లీషు మాధ్యమములోనే నడపవలెనని మన రాష్ట్రములో నిర్ణయము చేసినారు.

ఇంగ్లీషు వద్దనేవాడను నేను కాను. బండలు మోసే తండ్రి తన బిడ్డకు ఇంగ్లీషు రావలెనని కోరుటలో తప్పేమున్నది? ఆ భాష లేక ఉద్యోగపు గడపలు ఎక్కలేక వెనుదిరిగిన పిల్లలను నేను ముప్పది ఏండ్లుగా చూస్తున్నాను. వారికి తెలుగు తీపిని గురించి ఉపన్యాసమిచ్చుట క్రూరత్వము. ఇటలీలో కూడ ఈ చిక్కు లేకపోలేదు. మిలాను నగరపు సాంకేతిక విశ్వవిద్యాలయమువారు 2012లో, ఇక పై తరగతులన్నియు ఇంగ్లీషులోనే అని తీర్మానించినారు. అక్కడి అధ్యాపకులే న్యాయస్థానమునకు పోయినారు. 2017లో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఇంగ్లీషు తరగతులు ఉండవచ్చును, కాని అవి ఇటాలియనును పూర్తిగా వెళ్లగొట్టరాదని దాని తాత్పర్యము. ఒక భాష రావచ్చును. ఇంకొక భాష పోరాదు. నేను కోరేదియు అంతే.

ఇక్కడ తెలుగు అధ్యాపకుడనుగా నా తప్పును కూడ ఒప్పుకొనవలె. నింద అంతయు ఇంగ్లీషు మీద వేయుట సులభము. ఆ విద్యార్థి 'సెడిమెంటరీ రాక్స్' అనుటకు మారుగా మన పారిభాషిక పదకోశము చూచి 'అవక్షేప శిలలు' అని ఉంటే తండ్రికి తెలిసేదా? అప్పుడును 'మంచిదే నాయినా' అనేవాడే. పదకోశములు అవసరమే, పుస్తకములలో ఆ పదములు ఉండవలసినదే. కాని ఒక ఇంగ్లీషు పదమును దించి దాని స్థానమున ఒక సంస్కృత పదమును కూర్చోబెట్టినంత మాత్రమున చదువు తెలుగులోనికి రాదు. నీటిలో కొట్టుకొని వచ్చిన మన్నో, సున్నమో అడుగున పేరుకొని, పొరమీద పొర పడి, బరువుకు గట్టిపడి రాయి అయినది అని చెప్పగలిగితే అది తెలుగు. అట్లు చెప్పగలిగినవానికి విషయము నిజముగా తెలిసినదని అర్థము. ఇంగ్లీషు పదమును పలికినవానికి తెలిసి ఉండవచ్చును, ఉండకపోవచ్చును. పరీక్ష పత్రములు దిద్దే ఉపాధ్యాయులకు ఈ భేదము నేను చెప్పనక్కరలేదు.

నా సంగతియే చెబుతాను. నేను తిరుపతిలో ఎం.ఏ. తెలుగు చదివే కాలములో సెలవులకు ఇంటికి పోతే మా అమ్మ, "తెలుగు నీకు రాదా ఏమి, మళ్లీ సదివేదానికి?" అని అడిగేది. నేను నవ్వి ఊరకుండేవాడను. నా చదువులో ఇంగ్లీషు లేదు. అంతయు తెలుగే. అయినను చెప్పలేకపోయినాను. ఆనాడు నేను గణవిభజన నేర్చుకొంటున్నాను. ఆమె కలుపు తీస్తూ పాడే పాటలలో అవే నడకలు ఉండేవి. 'అమ్మా, నీవు పాడే పాటకు లెక్క ఉన్నది, ఆ లెక్కయే నేను చదువుతున్నది' అని ఒక్క మాట చెప్పవలెనని నాకు తట్టలేదు. తట్టినప్పటికి ఆమె లేదు. చదువుకొన్న బిడ్డకును చదువని తల్లికిని నడుమ గోడ కట్టుటకు ఇంగ్లీషే కానక్కరలేదు. ఇంటివారికి చెప్పనక్కరలేదనుకొనే గర్వము చాలును.

మరి ఏమి చేయవలె? మాధ్యమమును మార్చుట ప్రభుత్వముల పని. 2021లోనే తెలుగుతో సహా కొన్ని దేశభాషలలో ఇంజినీరింగు చెప్పుటకు అఖిలభారత సాంకేతిక విద్యామండలి అనుమతించినది. అది ఎంతదూరము పోవునో కాలము చెప్పవలె. అంతవరకు ఉపాధ్యాయులుగా మన చేతిలో ఉన్న పని ఒకటి కలదు. ఏ మాధ్యమములో చదివినను, డిగ్రీ ముగించే ప్రతి విద్యార్థియు తాను చదివినదానిని పావుగంటసేపు తెలుగులో చెప్పగలగవలె. ఆ శాస్త్రము చెప్పే అధ్యాపకుడును, తెలుగు అధ్యాపకుడును ఎదుట కూర్చుండి వినవలె. వీలయితే తల్లిదండ్రులను కూడ పిలువవలె. ఇంగ్లీషు పదములు దొర్లినను దోషము లేదు. రైలు, బస్సు, ఫ్యాక్టరీ మన మాటలు కాలేదా? ఆ ఇటాలియనువారు కూడ కొత్త మాటలను అరువు తెచ్చుకొంటున్నారు. అయితే ప్రతి అరువు మాటకును వెంటనే ఒక వివరణ వాక్యము ఉండవలెనని మాత్రము నియమము పెట్టవలె. మార్కులు లేనిది ఎవరు చేస్తారని అడుగుతారేమో. పది మార్కులు పెట్టుదము. పది మార్కుల కొరకు మన పిల్లలు ఇంతకంటె కష్టమైన పనులు చేస్తున్నారు.

హైస్కూలు ఉపాధ్యాయులు దీనిని ఇంకను సులభముగా మొదలుపెట్టవచ్చును. వారమునకు ఒకసారి, ఆ వారము నేర్చిన ఒక్క పాఠమును పిల్లలు ఇంటిలో చెప్పవలె. సోమవారమునాడు బడికి వచ్చునప్పుడు, ఇంటివారు అడిగిన ప్రశ్న ఒకటి వ్రాసుకొని రావలె. జవాబు కాదు, ప్రశ్న. ఇంటినుండి ప్రశ్న రాలేదంటే పాఠము ఇంటికి చేరలేదని అర్థము. ప్రశ్న వచ్చినదంటే, బడి గడప తొక్కని ఒక తల్లియో తండ్రియో ఆ వారము మన తరగతిలో కూర్చున్నారని అర్థము.

ఇది జరుగునా అని అనుమానించేవారికి ఆనాటి సాయంకాలము తరువాత కథ చెబుతాను. తండ్రి లేవబోతుంటే కూర్చుండుమన్నాను. కొడుకును, "ఇంగ్లీషు మాట వచ్చినచోట ఆగి, అది ఏమిటో మీ నాయనకు చెప్పి ముందుకు పొమ్ము" అన్నాను. వాడు చాలసేపు ఆలోచించి నేలమీద సుద్దముక్కతో గీతలు గీసినాడు. కర్నూలు శిలలని శాస్త్రజ్ఞులు పిలిచే పొరల వరుస అది. భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్ అనే దొర కడప, కర్నూలు రాళ్లను గురించి 1872లోనే పెద్ద గ్రంథము ప్రకటించినాడు. ఈ పొరలకు మన ఊళ్ల పేర్లే నిలిచినవి. అట్టడుగున బనగానపల్లె, దానిమీద నార్జి సున్నపురాయి, ఆపైన ఔకు, పాణ్యం, కోవెలకుంట్ల, అన్నింటికి పైన నంద్యాల. ప్రపంచములో ఏ మూల భూగర్భశాస్త్రజ్ఞుడు ఈ రాళ్లను గురించి చదివినను మన సంతల పేర్లు, మన రైలుస్టేషన్ల పేర్లు పలుకవలసినదే. ఆ ఊళ్లలోని వారికే ఆ సంగతి తెలియదు!

తండ్రి వంగి చూచినాడు. "ఇందులో మన బండ ఏది?" అన్నాడు. కొడుకు రెండవ గీతమీద వేలు పెట్టినాడు. కోట్ల సంవత్సరములకు పూర్వము ఇక్కడ సముద్రము ఉండేదనియు, దాని అడుగున సున్నము పేరుకొని ఈ రాయి అయినదనియు చెప్పినాడు.

"సముద్రమా? ఈడనా? తాగే నీళ్లకే గతి లేకపాయె!" అని తండ్రి నవ్వినాడు. నవ్వు ఆగిన తరువాత కొంతసేపు ఊరకుండి, "పాణ్యం దిక్కు రాళ్ల మీద సూసినా. ఇసకలో నీళ్లు పారితే పడే గీతల మాదిరి ఉంటాయి. రాతి మీద నీళ్ల గుర్తు ఎట్లొచ్చె అనుకుంటాంటి" అన్నాడు.

కొడుకు మాటలేక తండ్రి ముఖము చూచినాడు. ఆ గీతలను వాడు పుస్తకములో చదివినాడు. బొమ్మ గీసి మార్కులు తెచ్చుకొన్నాడు. తన తండ్రి వాటిని కన్నులతో చూచి, ఎందుకా అని ఆలోచించి, అడుగుటకు మనిషి లేక ఇన్ని ఏండ్లు మనసులో పెట్టుకొన్నాడని వానికి ఆనాడే తెలిసినది.

చీకటి పడినది. ఇద్దరును లేచినారు. కొడుకు ఇటలీకి పోవునో, పోడో. పోతే అక్కడ తన చదువును గురించి చక్కగా చెప్పగలడని నాకు నమ్మకము ఉన్నది. నేను వాకిలి దాకా పోయి నిలిచినాను. వీధి మలుపు తిరుగుతూ తండ్రి ఇంకొక ప్రశ్న అడుగుతున్నాడు. ఏమి అడిగినాడో నాకు వినపడలేదు. కొడుకు నడక ఆపి చేతులు తిప్పుతూ చెబుతున్నాడు.